వలయ మెట్రో అనే ముందు తెగే చోటు చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు మెట్రో మూడో దశ గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా ‘వలయ మార్గం’, ‘రింగ్ మెట్రో’ అన్న మాటలు కనిపిస్తున్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా పనులు పూర్తయ్యాక రైలు నగరాన్ని ఒక చుట్టు చుట్టి మొదలైన చోటికే వస్తుందని చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకంలో నిజం ఎంతో, లోకంలో వలయ మార్గాలని పేరు పొందినవి నిజంగా ఎంతమేరకు చుట్టి వస్తున్నాయో మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను గుంతకల్లులో రైల్వే ట్రాఫిక్ విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కంట్రోల్ ఆఫీసులో, రైళ్ల రాకపోకల వేళలను గీసే చార్టు ముందే గడిచింది. ఉద్యోగ విరమణ తరువాత కూతురి దగ్గర ఉండడానికి వచ్చి, బెంగళూరు కస్తూరి నగర్‌లో స్థిరపడ్డాను.

ఈ విషయం నాకు ఉత్తరం రాయాల్సినంత ముఖ్యం కావడానికి మా మేనల్లుడు కారణం. అతని ఉద్యోగం బెళ్లందూరులో. బేరం కుదిరితే నాగరభావి దగ్గర ఫ్లాటు తీసుకుందామని చూస్తున్నాడు. మధ్యవర్తి అతనికి ఒక పటం చూపించి, ఇంటి ముందు మెట్రో ఎక్కితే అదే రైలు రింగ్ రోడ్డు మీదుగా ఆఫీసు ముందు దించుతుందని చెప్పాడట. “మావయ్యా, ఒకే రైలట, మధ్యలో దిగక్కర్లేదట” అని అతను సంతోషంగా నాకు ఫోన్ చేశాడు. పాతికేళ్ల బ్యాంకు అప్పు తలకెత్తుకోబోయే మనిషికి ఆ ఒక్క మాట మీద ఎంత భారం ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కర్నూలు, అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి ఈ నగరంలో ఇల్లు వెతుక్కుంటున్న మన కుటుంబాల్లో ఇలా పటం చూసి నిర్ణయాలు తీసుకుంటున్నవారు చాలామందే ఉన్నారు.

అందుకని ముందుగా ఆ పటంలో ఏముందో చూద్దాం. సిల్క్ బోర్డ్ నుంచి బెళ్లందూరు మీదుగా కె.ఆర్. పురం వరకు, అక్కడి నుంచి హెబ్బాళ మీదుగా విమానాశ్రయం వరకు 58 కిలోమీటర్ల పైచిలుకు నీలం మార్గం పనులు సాగుతున్నాయి. నగరానికి పడమటి వైపున, జేపీ నగర్ నాలుగో ఫేజ్ నుంచి మైసూరు రోడ్డు, నాగరభావి, పీణ్య, హెబ్బాళ మీదుగా కెంపాపుర వరకు 32.15 కిలోమీటర్ల నారింజ మార్గానికి, మాగడి రోడ్డు మీది మరో 12.5 కిలోమీటర్ల మార్గంతో కలిపి, 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఈ రెండింటి అంచనా వ్యయం 15,611 కోట్ల రూపాయలు. నీలం, నారింజ గీతలను పటం మీద పక్కపక్కన పెడితే నగరం చుట్టూ దాదాపు ఒక హారం కనిపిస్తుంది. మధ్యవర్తి చూపించింది ఆ హారాన్నే.

ఆ హారం రెండు చోట్ల తెగి ఉంది. ఉత్తరాన హెబ్బాళ, కెంపాపుర స్టేషన్లలో నీలం, నారింజ మార్గాలు కలుస్తాయి, కానీ నీలం రైలు పడమటికి తిరగదు. అది వలయాన్ని విడిచి యలహంక మీదుగా విమానాశ్రయానికి వెళ్లిపోతుంది. నారింజ రైలు కెంపాపురలో ఆగిపోతుంది. ప్రయాణికుడు దిగి మారాలి. ఇది ఒక్కటే అయితే పెద్ద ఇబ్బంది కాదు. దక్షిణాన ఉన్నది అసలు సమస్య. నారింజ మార్గం జేపీ నగర్ నాలుగో ఫేజ్‌లో మొదలవుతుంది, నీలం మార్గం సిల్క్ బోర్డ్‌లో. ఆ రెండింటి మధ్య దూరం స్టేషన్లలో లెక్కిస్తే మూడు అంగలు మాత్రమే: జేపీ నగర్ నాలుగో ఫేజ్ నుంచి జయదేవ ఆసుపత్రి, అక్కడి నుంచి బీటీఎం లేఅవుట్, అక్కడి నుంచి సిల్క్ బోర్డ్. ఇందులో మొదటి అంగ గులాబీ మార్గానిది, తక్కిన రెండూ 2025 ఆగస్టులో ప్రారంభమైన పసుపు మార్గానివి. అంటే నాగరభావిలో నారింజ రైలు ఎక్కిన మనిషి దక్షిణం వైపు నుంచి బెళ్లందూరు చేరాలంటే జేపీ నగర్ నాలుగో ఫేజ్‌లో దిగి గులాబీ రైలు ఎక్కాలి. ఒక్క స్టేషన్ తరువాత జయదేవలో దిగి పసుపు రైలు ఎక్కాలి. రెండు స్టేషన్ల తరువాత సిల్క్ బోర్డ్‌లో దిగి నీలం రైలు ఎక్కాలి. మూడు అంగల దూరం దాటడానికి మూడు మార్పులు.

మా మేనల్లుడికి ఇదంతా కాగితం మీద గీసి చూపిస్తే కాసేపు మౌనంగా ఉండి, “మరి వలయం అని ఎందుకంటున్నారు?” అని అడిగాడు. దానికి జవాబు చెప్పాలంటే ఇతర నగరాల చరిత్ర కొంత చెప్పుకోవాలి. ఎందుకంటే పేరుకు వలయమై నడకకు వలయం కాని మార్గాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని చాలా మంచి మార్గాలు కూడా.

ముందుగా మా వృత్తి మాట ఒకటి. రైల్వేలో ‘లూప్ లైన్’ అంటే స్టేషన్‌లో మెయిన్ లైన్ పక్కన ఉండే లైను, ఎదురు రైలుకో వెనక వచ్చే మెయిల్‌కో దారి ఇవ్వడానికి ఒక బండిని పక్కన నిలిపే చోటు. ఆ అర్థానికి అలవాటుపడిన నాకు నగరాన్ని చుట్టే మార్గాన్ని లూప్ అనడం మొదట్లో కొత్తగా తోచింది. నగరం చుట్టూ తిరిగేదానికి మన ప్రదక్షిణ అన్న మాటే సరిపోతుంది. సింహాచలంలో గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరినవాళ్లు కొండ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే చేరాలి. నడుమ ఎక్కడో ఆగిపోతే దాన్ని ప్రదక్షిణ అనరు. రైలు మార్గానికి కూడా నేను ఈ కొలతే పెడతాను: ఎక్కిన ప్రయాణికుడు సీటులోంచి లేవకుండా ఎక్కిన స్టేషన్‌కే తిరిగి రాగలడా?

ఆ కొలతకు నిలిచేవి నిజంగానే ఉన్నాయి. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 1896లో తెరిచిన భూగర్భ రైలుకు ఉన్నది ఒకే ఒక్క మార్గం, 15 స్టేషన్లు, చుట్టు తిరగడానికి 24 నిమిషాలు. ఇన్నేళ్లలో దానికి ఒక్క కొమ్మ కూడా చేర్చలేదు. మొదటి ఎనభై ఏళ్లూ ఆ వలయం నుంచి షెడ్డుకు పట్టాలే లేవు. మరమ్మతు అవసరమైన బోగీని క్రేనుతో పైకి ఎత్తి షెడ్డులోకి తీసుకునేవారు. మాస్కోలో 12 స్టేషన్ల మెట్రో వలయం 1954లో మూసుకుంది. దానిమీద ఒక దిక్కున వెళ్లే రైళ్లలో ప్రకటనలు పురుష స్వరంలో, ఎదురు దిక్కున స్త్రీ స్వరంలో వినిపిస్తాయి. కళ్లు కనిపించని ప్రయాణికుడికి కూడా తాను ఏ దిక్కున తిరుగుతున్నాడో వెంటనే తెలుస్తుంది. కోపెన్‌హాగన్‌లో 2019లో మొదలైన 17 స్టేషన్ల వలయం డ్రైవర్ లేకుండానే తిరుగుతోంది. సియోల్ రెండో మార్గం 48.8 కిలోమీటర్ల వలయం, 43 స్టేషన్లు. కానీ దానికి రెండు కొమ్మలున్నాయి, వలయం మీది రైళ్లలో కూడా కొన్ని సోంగ్సు స్టేషన్‌తో ఆగిపోతాయి.

టోక్యోలోని యమనోతె మార్గం అందరికీ తెలిసిన ఉదాహరణ. 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, ఇంచుమించు గంటలో ఒక చుట్టు. అయితే రికార్డుల ప్రకారం యమనోతె అన్న పేరు షినగావా నుంచి షింజుకు మీదుగా తబాత వరకు ఉన్న 20.6 కిలోమీటర్లకే వర్తిస్తుంది. తక్కిన భాగం తోకైదో, తోహొకు అనే రెండు పాత మెయిన్ లైన్లకు చెందినది. కాగితం మీద అది వలయం కాదు, నడకలో మాత్రం వలయమే. 1925 నవంబరులో కాండా, ఉయెనొ స్టేషన్ల మధ్య ఖాళీ పూడిన రోజు నుంచి అది చుట్టూ తిరుగుతూనే ఉంది. మన పటానికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఇది. అక్కడ పేర్లు మూడు, రైలు ఒకటి. ఇక్కడ పేరు ఒకటి, రైళ్లు నాలుగు.

ఒసాకా కథ మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అక్కడ వలయ మార్గం అని పేరు పెట్టి 1961 ఏప్రిల్‌లో చివరి భాగం తెరిచారు. కానీ నిషికుజో స్టేషన్‌లో పాత పట్టాలు నేల మీద, కొత్త పట్టాలు ఎత్తయిన వంతెన మీద ఉండడంతో రెండూ కలవలేదు. రైలు ఒక పక్క నుంచి నిషికుజోకు వచ్చి, నగరమంతా చుట్టి, మళ్లీ నిషికుజోకే పై అంతస్తులో చేరి అక్కడ ఆగిపోయేది. ఆ నడక ఆకారం తోక ఉన్న సున్నలా ఉండేది. ముందుకు వెళ్లాలంటే దిగి మెట్లు దిగాల్సిందే. మూడేళ్ల తరువాత, 1964లో, పాత పట్టాలను కూడా పైకెత్తి కలిపాక గాని ఆ పేరు నిజం కాలేదు. ఒక్క స్టేషన్ ఎత్తులో ఉన్న తేడా మూడేళ్లపాటు వలయాన్ని ఆపింది. స్టేషన్ నమూనా గీసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

టోక్యోలోనే ఒయెదొ మార్గం ఉంది. 2000 సంవత్సరం డిసెంబరులో పూర్తయింది. పటంలో గుండ్రంగా కనిపిస్తుంది కానీ అది అంకె 6 ఆకారంలో ఉంటుంది. తోక వైపు నుంచి వచ్చిన రైలు తొచొమాయె స్టేషన్ దాటి, చుట్టంతా తిరిగి వచ్చి మళ్లీ ఆ స్టేషన్‌లోనే వేరే ప్లాట్‌ఫాం మీద ఆగిపోతుంది. సింగపూర్‌లో వలయ మార్గం అన్న పేరుతో 2009 నుంచి తెరిచిన మార్గానికి హార్బర్‌ఫ్రంట్, మెరీనా బే వైపు కొసలు ఏళ్ల తరబడి విడివిడిగానే ఉన్నాయి. మధ్యలోని 4 కిలోమీటర్ల భాగాన్ని తరువాత చేపట్టారు.

లండన్ సర్కిల్ మార్గం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగింది దీనికి తలకిందులు. 1884లో వలయం పూర్తయింది, నూట పాతికేళ్లు రైళ్లు నిజంగానే చుట్టూ తిరిగాయి. అలా తిరుగుతున్నదాన్ని 2009 డిసెంబరులో వాళ్లే తెంచారు. ఇప్పుడు సర్కిల్ రైలు హామర్‌స్మిత్ నుంచి బయలుదేరి, ఎజ్‌వేర్ రోడ్డు మీదుగా వలయంలోకి ప్రవేశించి, ఒక చుట్టు తిరిగి మళ్లీ ఎజ్‌వేర్ రోడ్డుకు చేరి ఆగిపోతుంది. పేరు మాత్రం సర్కిల్ అనే ఉంచారు. బాగా నడుస్తున్న వలయాన్ని ఎవరైనా ఎందుకు తెంచుకుంటారన్నది బయటివారికి వింతగా తోస్తుంది. చార్టు గీసినవాడికి వింత కాదు.

కొస నుంచి కొసకు నడిచే బండికి చివరి స్టేషన్ విశ్రాంతి చోటు. యాభై నిమిషాల ప్రయాణం తరువాత అక్కడ పది నిమిషాల వ్యవధి ఉందనుకోండి. దారిలో నాలుగు నిమిషాలు ఆలస్యమైనా తిరుగు ప్రయాణం సమయానికే మొదలవుతుంది. ఆ ఆలస్యం అక్కడితో కరిగిపోతుంది. వలయానికి చివరి స్టేషన్ లేదు. బెర్లిన్ వలయాన్ని తీసుకుందాం. చుట్టు 37 కిలోమీటర్లు, సరిగ్గా 60 నిమిషాలు, రద్దీ వేళ ఐదు నిమిషాలకో రైలు. అంటే ఒక్కో దిక్కున 12 రైళ్లు తిరుగుతూ ఉండాలి. వాటిలో ఒక్క రైలు ఒక్క స్టేషన్‌లో నాలుగు నిమిషాలు చిక్కుకుంటే దాని ముందు ఖాళీ తొమ్మిది నిమిషాలకు పెరుగుతుంది, వెనక ఖాళీ ఒక్క నిమిషానికి తగ్గుతుంది. తొమ్మిది నిమిషాల జనమంతా ఆ ఒక్క రైలే ఎక్కాలి కాబట్టి అది ఇంకా ఆలస్యమవుతుంది, వెనక రైలు ఖాళీగా దాన్ని ఆనుకుని వస్తుంది. దీన్ని సరిచేయడానికి కంట్రోలర్ ముందు రెండే దారులుంటాయి: తక్కిన పదకొండు రైళ్లను కొద్దికొద్దిగా ఆపడం, లేదా ఆ రైలును వలయం నుంచి తప్పించి డిపోకు పంపడం. రెండింటికీ ప్రయాణికుడే మూల్యం చెల్లించాలి. లండన్‌లో సర్కిల్ రైళ్లు తమ పట్టాలను ఇతర మార్గాల రైళ్లతో పంచుకుంటాయి కాబట్టి ఒకచోట పుట్టిన ఆలస్యం మిగతా మార్గాలకు కూడా పాకేది. వలయాన్ని ఒక్కచోట తెంచి చివరి స్టేషన్ కల్పించడం వెనక ఉన్న లెక్క ఇదే.

చక్రాల సంగతి కూడా ఉంది. గానుగ ఎద్దు ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగినట్టు వలయంలో తిరిగే రైలు ఎప్పుడూ ఒకే వైపు వంపు తీసుకుంటుంది కాబట్టి ఒక పక్క చక్రాల అంచులు త్వరగా అరుగుతాయి. ఎదురు దిక్కున నడిపితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు, ఎందుకంటే వెనక్కు నడిపినా రైలులో ఆ పక్కే వలయం లోపలి వైపు ఉంటుంది. రైలును ట్రయాంగిల్ (త్రికోణంలా కలిసే పట్టాలు) మీద తిప్పి ముఖం మార్చాలి, లేదా చక్రాలను తరచుగా లేత్ మీద చెక్కించాలి. డ్రైవర్లు మారడానికి కూడా ఏదో ఒక స్టేషన్‌లో ఏర్పాటు కావాలి. యమనోతె రైళ్లకు ఒసాకి స్టేషన్ అటువంటిది.

ఇంతకూ పూర్తి చుట్టు తిరగడం దానంతట అది గొప్ప గుణం కాదు. ఉద్యోగంలో ఉండగా శిక్షణకు ఢిల్లీ వెళ్లినప్పుడు ఒక ఆదివారం నేను నిజాముద్దీన్‌లో రింగ్ రైల్వే బండి ఎక్కి, లాజ్‌పత్ నగర్, సఫ్దర్‌జంగ్, పటేల్ నగర్, దయాబస్తీ, సదర్ బజార్, న్యూఢిల్లీ, తిలక్ బ్రిడ్జి మీదుగా మళ్లీ నిజాముద్దీన్‌లోనే దిగాను. చుట్టు నిజంగా పూర్తయింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ 35 కిలోమీటర్ల మార్గాన్ని 1975లో గూడ్సు బండ్లు నగరం మధ్యకు రాకుండా తప్పించడానికి వేశారు, 1982 ఆసియా క్రీడల కోసం ప్రయాణికుల రైళ్లను పెంచారు. కానీ స్టేషన్లు బస్సులకు, బజార్లకు దూరంగా ఉండిపోవడంతో నగర ప్రయాణికులు దాన్ని తమ బండిగా చేసుకోలేదు. దీనికి ఎదురుగా ప్యారిస్ ఉంది. అక్కడ 2, 6 నంబర్ల మెట్రో మార్గాలు రెండూ కలిసి నగరం చుట్టూ వలయంలా ఉంటాయి. ఎట్వాల్, నాస్యోఁ అనే రెండు చోట్ల కలుస్తాయి. ఒక్క రైలు కూడా పూర్తి చుట్టు తిరగదు. అయినా వంద ఏళ్లకు పైగా ఆ రెండూ వలయం చేయాల్సిన పని చేస్తూనే ఉన్నాయి.

నిజానికి ప్రయాణికుడు ఎవరూ పూర్తి చుట్టు తిరగడు. వలయంలో ఏ రెండు స్టేషన్ల మధ్యనైనా దూరం సగం చుట్టుకు మించదు, అంతకంటే దూరమైతే ఎదురు దిక్కు రైలు ఎక్కుతాడు. అందుకే వలయం తెగిందా లేదా అన్న ప్రశ్న కంటే ఎక్కడ తెగిందన్న ప్రశ్న పెద్దది. తెగే చోటును ఎంచుకునేటప్పుడు ఆ చోటు దాటి వెళ్లేవారు ఎంతమందో లెక్క చూడాలి.

బెంగళూరు విషయంలో నా బాధ ఇక్కడే. దక్షిణాన తెగిన చోటు సిల్క్ బోర్డ్ కూడలి, బీటీఎం లేఅవుట్, బన్నేరుఘట్ట రోడ్డు. ఈ నగరంలో ఉదయం తొమ్మిదింటికి అక్కడ నిలబడినవారెవరికైనా ఆ చోటు దాటి ఎంతమంది వెళ్తారో వేరే చెప్పాల్సిన పని లేదు. మన తెలుగువాళ్లు ఇరుకు గదుల్లో, పీజీల్లో ఉంటూ బెళ్లందూరు, మారతహళ్లి ఆఫీసులకు వెళ్లే దారి కూడా అదే. నాగరభావి నుంచి బెళ్లందూరుకు మిగిలిన దారులు చూశాను. ఉత్తరం వైపు హెబ్బాళ మీదుగా వెళ్తే ఒక్క మార్పుతో సరిపోతుంది గాని నగరంలో సగానికి పైగా చుట్టి రావాలి. మైసూరు రోడ్డులో ఊదా మార్గం ఎక్కి మెజెస్టిక్ మీదుగా కె.ఆర్. పురం చేరి నీలం రైలుకు మారితే రెండు మార్పులు. అంటే వలయం ఉండి కూడా అతను నగరం మధ్య నుంచే వెళ్తాడు. మెజెస్టిక్ స్టేషన్ మీద ఒత్తిడి తగ్గించడానికే వలయం అవసరమని అంటారు. వలయాన్ని జనం ఎక్కువగా దాటే చోట తెగనిస్తే ఆ జనం మళ్లీ మెజెస్టిక్‌కే వస్తారు.

జయదేవ నుంచి సిల్క్ బోర్డ్ వరకు ఇప్పటికే రెండంతస్తుల ఫ్లైఓవర్ మీద పసుపు మార్గం నడుస్తోంది కాబట్టి అదే రోడ్డు మీద ఇంకొక వంతెన కట్టడం తేలిక కాదని నాకు తెలుసు. చిన్న ఖాళీ పూడ్చడం పెద్ద మార్గం వేయడం కంటే కష్టమని మన దేశంలో రెండు ఉదాహరణలు చాలు. ఢిల్లీ గులాబీ మార్గంలో త్రిలోక్‌పురి దగ్గర కొన్ని ఇళ్ల వల్ల ఆగిన కొద్ది వందల మీటర్ల ఖాళీ, అటూ ఇటూ రైళ్లు నడుస్తుండగా, 2021 ఆగస్టు దాకా మూసుకోలేదు. చెన్నైలో బీచ్ నుంచి వేళచ్చేరి వరకు ఎమ్మార్టీయెస్ అనే నగర రైళ్లు 2007కే వచ్చాయి. దాన్ని సెయింట్ థామస్ మౌంట్‌కు కలిపితే తాంబరం మార్గంతో కలిసి నగరం లోపల ఒక వలయం ఏర్పడుతుంది. ఆ 5 కిలోమీటర్ల పని 2008లో మొదలై, ఆదంబాక్కం వద్ద అర కిలోమీటరు భూసేకరణ దగ్గర ఏళ్లకేళ్లు నిలిచిపోయింది. అందుకే ఇక్కడ మరో వంతెన కట్టి తీరాలని నేను అడగడం లేదు.

అడుగుతున్నది వేరు. మూడో దశకు పునాదులు ఇంకా అన్నిచోట్లా పడలేదు కాబట్టి ఇప్పుడే చేయగలిగిన పనులు ఉన్నాయి. జేపీ నగర్ నాలుగో ఫేజ్‌లో నారింజ, గులాబీ ప్లాట్‌ఫాంలు ఒకే ఎత్తులో ఎదురెదురుగా వచ్చేలా కట్టగలరా అన్నది ముందు తేల్చాలి. అది వీలైతే మార్పు అంటే పది అడుగులు వేయడమే. కుదరకపోతే ఎన్ని మెట్లు, ఎన్ని మీటర్ల నడక, ఎన్ని లిఫ్టులు అన్నది బయటపెట్టాలి. మోకాళ్ల నొప్పులున్న నాలాంటివారు, చంటిపిల్లలను ఎత్తుకున్న తల్లులు, సూట్‌కేసుతో ఊరి నుంచి దిగిన కుర్రాళ్లు ఆ నడక నడవాలి. జయదేవలో పసుపు, గులాబీ రైళ్ల వేళలను ఒకదానికొకటి పొసగేలా చార్టులోనే కుదర్చాలి. ఒక్క స్టేషన్ దూరానికి ఎక్కే ప్రయాణికుడు ఆరు నిమిషాలు నిలబడాల్సి వస్తే అతను మరుసటి రోజు బైకు తీస్తాడు. కెంపాపురలో నీలం, నారింజ పట్టాల మధ్య కనీసం ఒక కలుపు లైను ఉంచితే, అవసరమైనప్పుడు రేకును (బోగీల వరుసను) ఒక మార్గం నుంచి మరో మార్గానికి పంపడానికి, రేపు ఎప్పుడైనా కె.ఆర్. పురం నుంచి పీణ్యకు నేరుగా రైలు నడపడానికి వీలుంటుంది. ఇప్పుడు వదిలేస్తే ఆ కలుపును తరువాత నడుస్తున్న మార్గాల మధ్య ఇరికించడం ఎంత కష్టమో లైన్లో పనిచేసిన వారందరికీ తెలుసు.

ఇదే సందర్భంలో బెంగళూరు చుట్టూ నిడవంద, దొడ్డబళ్లాపుర, దేవనహళ్లి, మాలూరు, హీలలిగె, హెజ్జాల, సోలూరు మీదుగా ప్రతిపాదించిన 287 కిలోమీటర్ల వలయ రైలు మార్గం గురించి కూడా ఒక మాట అడగాలి. అది గూడ్సు బండ్లను నగరం బయటి నుంచే మళ్లించడానికా, దేవనహళ్లి, మాలూరు ఊళ్లవారు రోజూ పనికి వెళ్లడానికా, రెండింటికీనా? చెన్నైలో బీచ్ నుంచి అరక్కోణం, కాంచీపురం, చెంగల్పట్టు, తాంబరం మీదుగా మళ్లీ బీచ్‌కు చేరే రైలును 2019లో ప్రవేశపెట్టారు. అరక్కోణం, చెంగల్పట్టు మధ్య ఒంటి లైను కావడంతో అటువంటి బండ్లు విరివిగా నడపడం సాధ్యం కాదు. కాగితం మీది వలయానికి, రోజువారీ బండికి ఎంత దూరమో చెప్పడానికి అది చాలు. 287 కిలోమీటర్ల మార్గానికి మొదటి నుంచే రెండు లైన్లు వేస్తారా లేదా అన్నది చెప్పకుండా వలయం అని ప్రకటిస్తే దేవనహళ్లి నుంచి మాలూరు దాకా భూముల ధరలు పెరుగుతాయి, రైలు మాత్రం దూరంగానే ఉండిపోతుంది.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఇకపై ఈ మార్గం గురించి వార్త వేసినప్పుడు పటం కూడా వేస్తే, దానిలో నాలుగు మార్గాలను నాలుగు రంగుల్లో చూపించి, మారాల్సిన స్టేషన్ల దగ్గర ఒక గుర్తు పెట్టించండి. మా మేనల్లుడు ఫ్లాటుకు ఇంకా బయానా ఇవ్వలేదు. నారింజ ప్లాట్‌ఫాం నుంచి గులాబీ ప్లాట్‌ఫాంకు ఎంత నడవాలో తెలిశాకే ఇస్తానంటున్నాడు. ఆ సంఖ్య ఎక్కడ దొరుకుతుందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మెట్రో అధికారులు ఆ ఒక్క సంఖ్యను ఇప్పుడే ప్రజల ముందు పెట్టాలని మీ ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
రైల్వే విశ్రాంత ఉద్యోగి,
కస్తూరి నగర్, బెంగళూరు